ఆగిన మోటారు, ఆరు వేల చుట్లు

ఆ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్ళ దగ్గర 'పిండే గది' పేరెత్తి చూడండి. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్నవాళ్ళు ఠక్కున గొంతు తగ్గించేస్తారు. ఇస్త్రీ చేసే అత్త అయితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మెట్ల వైపు ఒకసారి తొంగిచూసి, ఆ తర్వాతే నోరు విప్పుతుంది.

మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే కుడిపక్కన ఉంటుంది ఆ గది. మధ్యలో మనిషి నడుమెత్తు ఇనప డ్రమ్ము. ఉతికిన దుప్పట్లు అందులో వేసి మూత పెడితే గిర్రున తిప్పి నీళ్ళు పిండేస్తుంది. పగలు దాని హోరుకి పక్కవాళ్ళ మాట వినపడదు. గోడ పైభాగంలో ఉన్న కిటికీలోంచి వెలుగు పడుతుంది, జనం తిరుగుతుంటారు, భయమన్న మాటే ఉండదు.

రాత్రి మాత్రం... మెషీన్ ఆపేశాక... పగటివాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళిపోయాక...

అది తిరుగుతుంది.

పైన, మెట్ల మొదట్లో సూపర్వైజరు గది ఉంది. ఆ గదిలో గోడకి ఒక మీటరు. కింద మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో అందులో ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. పగలు ప్రాణం పెట్టి తిరిగినా పదిహేను వందలు దాటని మోటారు, రాత్రి ఆపేశాక ఆరు వేలు చూపిస్తుంది. అదీ ఎప్పుడు? మనిషి ఆ గదిలోకి వెళ్ళినప్పుడే. మనిషి పైకి వచ్చేస్తే — సున్నా.

ఈ పని ఎవరిదో తేల్చడానికి లాండ్రీవాళ్ళకి పెద్దగా టైము పట్టలేదు. గొణుగుడు తాతదేనన్నారు. ఏళ్ళ తరబడి ఆ డ్రమ్ము నడిపింది ఆయనే. ఈమధ్యే పోయాడు. మెషీన్‌లో పడి కాదు లెండి. ఇంట్లో, మంచం మీద, కడుపునిండా తిని పడుకుని, నిద్రలో పోయాడు. అంత సుఖంగా పోయినవాడికి దెయ్యమవ్వాల్సిన ఖర్మేమిటని ఒక్కరూ అడగలేదు. బతికుండగా ఏనాడూ టైముకి రాని మనిషి, పోయాక ఒక్క రాత్రి కూడా నాగా పెట్టడం లేదట. అదీ ఆరు వేల జోరుతో! ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ ఊపులో పావు వంతు చూపించినా ఎప్పుడో ప్రమోషన్ ఇచ్చేవాళ్ళు.

ఇదంతా నేను కళ్ళారా చూసింది కాదు. అక్కడ రాత్రి డ్యూటీ చేసేది మా అక్క. అదే ఆసుపత్రిలో మోటార్లూ మీటర్లూ చూసుకునే మెకానిక్ మా బావ. ఇద్దరి దగ్గరా విడివిడిగా విన్నాను. భయపడింది బావ కాబట్టి, ముందు ఆయన చెప్పినట్టే చెప్తాను.

మా బావని ఇంట్లో అందరం మీటర్ బావ అంటాం. పెళ్ళయిన కొత్తల్లో మా ఇంటికొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా, జేబులోంచి ఏదో పరికరం తీసి సీలింగ్ ఫ్యానుకి గురిపెట్టాడు. "మామయ్యా, మీ ఫ్యాను తిరగాల్సినంత తిరగడం లేదు" అన్నాడు. అప్పటిదాకా హాయిగా గాలి పీల్చుకుంటున్న మా నాన్నకి ఆ క్షణం నుంచి ఉక్కపోత మొదలైంది.

అది నవ్వుకునే సంగతి. ఇంకొకటుంది. ఒకసారి అక్క ఒళ్ళు కాలిపోతూ, వణుకుతూ ముసుగు తన్ని పడుకుంటే, బావ థర్మామీటరు పెట్టి చూసి "నీకు జ్వరం లేదు" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ థర్మామీటరు పాడైందని తెలిసేసరికి అక్క జ్వరం కూడా తగ్గిపోయింది. అక్క ఏమీ అనలేదు. నేనే ఇప్పటికీ అంటుంటాను, మరదలిని కదా, ఆ మాత్రం హక్కుంది.

సరే, దెయ్యం సంగతికొస్తాను.

ఆ మోటారుకి సెన్సర్ బిగించింది బావే. పాతది అరిగిపోతే కొత్తరకం తెప్పించాడు. మోటారు ఇరుసు మీద అద్దంలా మెరిసే చిన్న పట్టీ అతికిస్తారు. ఎదురుగా బొటనవేలంత సెన్సర్, దానికో గాజు కన్ను. ఇరుసు తిరిగి పట్టీ ఎదురొచ్చినప్పుడల్లా ఆ కంటికి తళుక్కుమని వెలుగు తగులుతుంది. ఒక తళుకు, ఒక చుట్టు. మీటరు వాటిని లెక్కపెడుతుంది. కొత్త పెళ్ళికూతుర్ని చూపించినట్టు బావ దాన్ని లాండ్రీ అంతటికీ చూపించాడు.

అక్కకి రాత్రి పని పెద్దగా ఏమీ ఉండదు. పగలు పిండి ఉంచిన దుప్పట్లు కింది నుంచి తెచ్చుకోవడం, మడతలు పెట్టడం, వార్డులకి సర్దడం. రాత్రి మెషీన్ నడపకూడదని రూలు. అక్క నడపలేదు కూడా. కానీ సూపర్వైజరు తన గదిలో కూర్చుని మీటరు చూస్తున్నాడు. అక్క కిందికి వెళ్తే ఆరు వేలు. పైకొస్తే సున్నా. మళ్ళీ వెళ్తే మళ్ళీ ఆరు వేలు. ఆయనకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా లాభం లేదు, దెయ్యానికి మెమో ఇవ్వడానికి కుదరదు కదా. అందుకని అక్కకిచ్చాడు.

మెషీన్‌ని ఇష్టమొచ్చినట్టు ఖాళీగా తిప్పుతోందనీ, అది బద్దలైతే పూచీ ఎవరిదనీ అందులో రాశాడు. మేనేజరు విచారణ పెట్టాడు. తేలితే ఉద్యోగం పోతుంది.

అక్క ఆ ఉద్యోగం ఎవరి సిఫార్సూ లేకుండా తెచ్చుకుంది. ఇంటర్వ్యూకి మూడుసార్లు తిప్పి పంపినా నాలుగోసారి వెళ్ళి కూర్చుంది. పేరుకి దుప్పట్లు మడతపెట్టడమే గానీ, ఆ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని బయల్దేరేటప్పుడు దాని నడకే వేరు. అలాంటిదాన్ని పట్టుకుని అబద్ధాలకోరన్నారు.

అందరూ ఏమనుకున్నారంటే, మెకానిక్ మొగుడే కదా, ఒక్క మాట చెప్పి గట్టెక్కిస్తాడులే అని. బావ వచ్చాడు. పట్టపగలు కిందికి దిగి సెన్సర్ తుడిచాడు, వైర్లు లాగి చూశాడు, మోటారు నడిపించాడు, ఆపాడు. మీటరు పొల్లు పోకుండా సరిగ్గా చూపించింది. బావ పైకొచ్చి మేనేజరు ఎదుట నిలబడ్డాడు.

"సెన్సర్‌లో లోపమేమీ లేదు సార్."

"అంటే మోటారు నిజంగానే తిరిగిందా?"

"సెన్సర్ అబద్ధం చెప్పదు సార్. స్పీడు మార్చే పెట్టెలో... ఎవరో వేలు పెట్టి ఉండాలి."

ఆ 'ఎవరో' అన్నప్పుడు బావ పైకప్పు వైపు చూశాడట. పక్కనే నిలబడ్డ పెళ్ళాం వైపు చూసే ధైర్యం ఏ మీటరూ ఇవ్వలేదు పాపం.

ఆ రోజు ఇంట్లో అక్క ఒక్కటే అడిగింది. "సెన్సర్ అబద్ధం చెప్పదు, సరే. మరి నేను చెప్తానా?"

"అలా అన్నానా ఏంటి?"

"అయితే ఇద్దరం ఎలా నిజమవుతామండీ?"

ఆ తర్వాత అక్క ఆయనతో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, పక్క వేసేది, మాట మాత్రం లేదు. ఇల్లంతా గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదట.

విచారణ రేపనగా, సాయంత్రం డ్యూటీకి వెళ్ళిన అక్క, చీకటి పడ్డాక ఫోను చేసింది.

"సూపర్వైజరు ఇవాళ సెలవు. ఆయన గది తాళం నా దగ్గరే ఉంది. ఒక్కసారి వచ్చి మీ కళ్ళతో చూడండి."

అన్నాళ్ళకి పెళ్ళాం నోట మాట విన్న సంతోషంలో బావ చొక్కా తిరగేసి తొడుక్కుని పరిగెత్తాడు.

ఇక్కణ్ణుంచి బావ చెప్పేటప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

అక్క మీటరు ముందు కూర్చుంది. బావ ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగాడు. ఎక్కడో పంపులోంచి నీళ్ళు... టప్... టప్... లోపల ట్యూబ్ లైటు వెలుగుతోంది. కొత్త లైటు, తెల్లటి వెలుగు, మూల మూలా కనిపిస్తోంది. అయినా సరే, వెనకాల ఎవరో నిలబడ్డట్టే ఉందట ఆయనకి.

"వచ్చాను" అన్నాడు గుసగుసగా.

"ఎంతుందో చెప్పనా?"

"చెప్పు."

"ఆరు వేలు."

బావ డ్రమ్ము వైపు చూశాడు. చప్పుడు లేదు. వణుకు లేదు. మూత తీసే ఉంది. అడుగున ఒక తడి గుడ్డ ముద్ద, కదలకుండా...

మనిషి మొండివాడే. గోడ దగ్గరికి వెళ్ళి ఆ మెషీన్ మెయిన్ స్విచ్ దించేశాడు. ఇప్పుడు మోటారుకి కరెంటే లేదు. మీటరుకీ సెన్సర్‌కీ మాత్రం పై గదిలోంచి వేరే వస్తుంది.

"ఇప్పుడు?"

"ఆరు వేలే."

"సరిగ్గా చూడవే..."

"ఆరు వేలండీ. ఒక్క అంకె అటూ ఇటూ కావడం లేదు."

ఇన్నేళ్ళలో ఆయన చూసిన ఏ మోటారూ అలా నిలకడగా తిరగలేదు. నాలుగో ఐదో చుట్లు పెరుగుతుంది, తగ్గుతుంది, కరెంటుని బట్టి, బరువుని బట్టి. ప్రాణమున్న యంత్రం అలాగే ఉంటుంది. ఇది మాత్రం... ఒక్క చుట్టు కూడా తేడా లేకుండా...

మోటారు దగ్గరికి వంగాడు. చెయ్యి చాపాడు. వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇరుసు మీద వేశాడు.

చల్లగా ఉంది. ఆగే ఉంది.

అప్పుడే —

లైటు ఆరిపోయింది.

చుట్టూ కటిక చీకటి. బావ పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్న ఫోనుకి ఒక లైటుంటుందన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. మీటర్ల మీద క్లాసులు పీకే మనిషికి, దెయ్యం ముందు ఆ మాత్రం కూడా తట్టలేదు.

"ఏమే... ఏమే... ఉన్నావా?"

ఫోనులో సమాధానం లేదు.

మెడ మీద ఏదో తడిగా, చల్లగా తగిలింది. ఆరేసిన దుప్పటి అంచు అని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం గొణుగుడు తాత చెయ్యేనని బావ ప్రమాణం చేసి చెప్తాడు. చేతి వేళ్ళు కూడా లెక్కపెట్టాడట, ఆయన అలవాటు ఎక్కడికి పోతుంది.

"తాతా... నేను మెకానిక్‌నే తాతా... నీకేం ద్రోహం చెయ్యలేదు..."

అప్పుడు ఫోనులో అక్క గొంతు, చాలా మెల్లగా —

"మీ చెయ్యి ఎక్కడుంది?"

"ఇరుసు మీదే."

"తిరుగుతోందా?"

"లేదే... ఆగే ఉంది... ఒట్టు... ఆగే ఉంది..."

"రోజూ ఇలాగే ఆగి ఉండేదని నేను చెప్తే?"

టప్... టప్... నీళ్ళ చప్పుడు.

"నిజం..." అన్నాడు చివరికి. "నువ్వు చెప్పిందే నిజం. నేనే నమ్మలేదు."

లైటు వెలిగింది. బావ మెట్లు ఎక్కిన వేగం కొలిచుంటే అదొక రికార్డు అయ్యుండేది. చెప్పులు కిందే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. మేనేజరు, సూపర్వైజరు, ఇస్త్రీ అత్త, ఇంకా పనీపాటా లేక వచ్చినవాళ్ళూ సూపర్వైజరు గదిలో ఇరుక్కుని నిలబడ్డారు. మీటరు సున్నా చూపిస్తోంది. అక్క తలుపు దగ్గర, మెడలో కార్డుతో నిలబడి ఉంది. ఇక సాయంత్రానికి ఆ కార్డు ఉంటుందో లేదో తేలిపోతుంది.

మేనేజరు బావని అడిగాడు. "చివరిసారి అడుగుతున్నాను. మోటారు తిరిగిందా, లేదా?"

బావ తల వంచుకున్నాడు.

"తిరగలేదు సార్. రాత్రి నేనే కిందికి దిగాను. మెయిన్ దించేశాను. ఇరుసు మీద చెయ్యి వేసి చూశాను. ఆగే ఉంది. మీటరు తప్పు చూపించింది."

"సెన్సర్ అబద్ధం చెప్పదన్నావుగా?"

"అన్నాను సార్. తప్పు నాదే. మా ఆవిడ మొదటినుంచీ నిజమే చెప్పింది."

"మరి ఆరు వేలు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"తెలీదు సార్."

మెకానిక్ నోట 'తెలీదు' అన్న మాట ఆ ఆసుపత్రిలో అదే మొదటిసారి వినడం. సూపర్వైజరు మూతి ముడిచాడు. "తెలీదంటే ఎలాగండీ? దెయ్యమని రాసుకోమంటారా?"

"దెయ్యమనే రాసుకోండి. మా ఆవిడ పేరు మాత్రం కొట్టెయ్యండి" అన్నాడు బావ.

అప్పుడు అక్క కదిలింది. గది బయట, మెట్ల మొదట్లో గోడకి ఒక స్విచ్ ఉంది. కింది గది లైటుది. రాత్రి కిందికి దిగే ప్రతి మనిషీ ముందు దాన్ని నొక్కే దిగుతారు, పైకొచ్చి ఆర్పేస్తారు.

"సార్, మీటరు చూస్తూ ఉండండి" అంది.

టక్.

ఆరు వేలు.

ఇస్త్రీ అత్త కెవ్వుమంది.

టక్. సున్నా. టక్. ఆరు వేలు. టక్. సున్నా. కింద పురుగు కూడా లేదు. మోటారు మెయిన్ రాత్రి బావ దించింది దించినట్టే ఉంది.

అందరికంటే ముందు అర్థమైంది బావకే. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆ గదిలో ముందు గుండు బల్బు ఉండేది. అది పోతే ఎలక్ట్రీషియను ఒక చవకరకం ట్యూబ్ లైటు తెచ్చి, సరిగ్గా సెన్సర్ నెత్తి మీద బిగించి పోయాడు. ట్యూబ్ లైటు మన కంటికి నిలకడగానే వెలుగుతుంది. నిజానికి సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంది. మన కన్ను దాన్ని పట్టించుకోదు. బావ పెట్టిన గాజు కన్ను పట్టించుకుంది. ఒక తళుకు, ఒక చుట్టు అని దానికి నేర్పింది ఈయనే. సెకనుకి వంద, నిమిషానికి ఆరు వేలు. అంత బుద్ధిగా లెక్కపెట్టింది పాపం. పగలు కిటికీ వెలుగు సరిపోతుందని ఎవరూ ఆ లైటు వెయ్యరు, అందుకే పగటి తనిఖీలో ఏమీ దొరకలేదు.

మేనేజరు మెమో చింపేశాడు. సెన్సర్ చుట్టూ నల్లటి గొట్టం ఒకటి బిగించి లైటు పడకుండా చెయ్యమన్నాడు. సూపర్వైజరు ఆ పూట అక్కని 'అమ్మా' అని పిలిచాడు. ఇస్త్రీ అత్త మాత్రం ఇవన్నీ కళ్ళారా చూసి కూడా, "తాతే ఆ లైటులో దూరాడు" అని తేల్చేసింది. పిండే గదికి చెడ్డపేరు ఇప్పటికీ పోకపోవడానికి కారణం ఆవిడే.

బావ చెప్పేది ఇక్కడితో అయిపోతుంది. ఆ తర్వాతది నాకు అక్క చెప్పింది.

ఇద్దరూ ఒక్క గొడుగు కింద ఇంటికి నడుస్తున్నారట. చాలా దూరం వెళ్ళాక బావ అడిగాడు.

"స్విచ్ సంగతి నీకు ఎప్పుడు తెలిసిందే?"

"నిన్న సాయంత్రం. సూపర్వైజరు లేడని ఆయన గది ఊడ్చి తలుపు తెరిచి పెట్టారు. నేను కిందికి దిగబోతూ లైటు వేశాను. ఎదురుగా మీటరు కనిపించింది."

"అంటే నాకు ఫోను చేసేటప్పటికే తెలుసా?"

"తెలుసు."

"పొద్దున నేను మేనేజరు ముందు నిలబడి, తెలీదు సార్ అంటున్నప్పుడు కూడా..."

"తెలుసు."

బావ ఆగిపోయాడు. ఆయన ఆగడం చూసుకోక అక్క రెండడుగులు వానలోకి వెళ్ళిపోయింది.

"మరి రాత్రి... నేను కింద ఉండగా... ఆ లైటు ఆర్పింది..."

"నేనే."

"ఎందుకే? ఆ స్విచ్ ఏదో అప్పుడే చూపిస్తే సరిపోయేదిగా! గుండె ఆగి చచ్చేవాణ్ణి!"

అక్క వెనక్కి వచ్చి గొడుగు కిందికి చేరింది. కొంగుతో మొహం తుడుచుకుంది. అది వానో ఏమిటో నేను అడగలేదు, అది చెప్పలేదు.

"స్విచ్ చూపిస్తే స్విచ్‌ని నమ్మేవారండీ" అంది. "ఏమీ కనపడనప్పుడైనా నన్ను నమ్ముతారేమో చూద్దామనిపించింది."